మీ మొక్క ఏమైంది?

ప్రియమైన అత్తకి,

ఎడిటర్‌గా కాదు, నీ మేనకోడలిగానే రాస్తున్నాను. వచ్చే నెల నుంచి మన తోటల పత్రిక అచ్చు కాదు, ఇంటర్నెట్‌లోనే వస్తుంది. అందులోకి రాని శీర్షికలు ఆపేస్తామని యజమాని తేల్చి చెప్పేశారు. నీ 'మొక్కల వైద్యం' ఆగిపోతే నా ప్రాణం ఒప్పదు. ప్రశ్న వచ్చిన రోజే నువ్వు జవాబు రాయొచ్చు, దాని కిందే పాఠకులు మళ్ళీ మాట్లాడొచ్చు. ట్యాబ్ పంపుతున్నాను. ఫోనెత్తవు కాబట్టి ఈ ఉత్తరం. కాదనకు.

నీ బుజ్జి

గడుగ్గాయి బుజ్జికి,

నీ ట్యాబ్ అందింది. పక్కింటి టీచరమ్మ నేర్పింది. ఇరవై ఆరేళ్ళుగా నెలకి ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు లైన్ల చోటు. నాలుగు పేజీల ఉత్తరమైనా సరే, కత్తెరేసి రెండు లైన్లు చేసి జవాబు రాస్తే, రెండు నెలలకి అచ్చయ్యేది. ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు. ఎంత హాయో! ఇప్పుడీ వయసులో నన్ను నడిబజార్లో నిలబెడుతున్నావు. సరేలే, నీ మాట తీసేయలేను. మొదటి ప్రశ్న పంపు.

నీ అత్త

బుజ్జీ,

ఇక నా వల్ల కాదు. తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో మనీప్లాంట్ ఆకులు పండిపోతున్నాయని ఒకాయన పేజీన్నర రాశాడు. అలవాటు చొప్పున రెండు లైన్లకి కత్తిరించేసి, "నీళ్ళు ఎక్కువయ్యాయి, తగ్గించండి" అని రాశాను. గంటలో ఆయన జవాబు: "అమ్మా, నీళ్ళు వారానికి ఒక్కసారే పోస్తానని, ఆ గదికి కిటికీయే లేదని రాశాను కదా. ఆ మాటలే తీసేశారు."

సాయంత్రానికి దాని కింద నలభై మూడు వ్యాఖ్యలు! చదవకుండా మూసేశాను. ఇన్నేళ్ళ పరువు ఒక్క పూటలో గంగలో కలిసింది. శీర్షిక ఆపేయవే తల్లీ.

నీ అత్త

అత్తా,

నీ జవాబు తప్పే, దాచను. కానీ చదవకుండా పారిపోతావా? ఆ నలభై మూడింటిలో నిన్ను తప్పు పట్టినవి రెండే. తన కొట్టుకీ కిటికీ లేదని, రెండు కుండీలు పెట్టి వారానికొకటి ఇంటికి తీసుకెళ్తానని ఒక టైలరమ్మ చెప్పింది. ఒక బస్సు డ్రైవరు ఏ బల్బు పెట్టాలో చెప్పాడు. "మొక్కలమ్మకి కోపమొచ్చిందా? రమ్మనండి" అని తొమ్మిది మంది అడుగుతున్నారు. మనీప్లాంటాయన ఆ బల్బే బిగించి నిన్న ఫొటో పెట్టాడు, మొక్క కొత్తాకు వేసింది. చూసుకో. శుక్రవారంలోగా నువ్వు రాయకపోతే శీర్షిక తీసేయక తప్పదు.

నీ మీద అలిగిన బుజ్జి

నా బంగారు బుజ్జికి,

నలభై మూడూ చదివాను. ఆ కొత్తాకు చూసి ఏడ్చేశానే. నిజం చెప్పనా? ఇన్నేళ్ళలో నేను వైద్యం చేసిన మొక్క ఒక్కటైనా బతికిందో లేదో నాకు తెలీదు. తెలుసుకోవాలంటే భయం. ఎవరూ ఎదురు మాట్లాడకపోతే హాయి అన్నది వట్టి అబద్ధం.

అందుకే శుక్రవారం దాకా ఆగకుండా, నీకు చెప్పకుండా, శీర్షికలో నేనే ఒక ప్రశ్న పెట్టాను. "నా జవాబు పాటించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ మొక్క ఏమైంది?" అని. పదిహేడు మంది చచ్చిపోయిందని రాశారు, మొహమాటమైనా లేకుండా! ఒక్కొక్కరికీ క్షమించమని రాశాను. పద్దెనిమిదో ఆవిడ ఇలా రాసింది:

"పందొమ్మిదేళ్ళ కిందట నిమ్మ మొక్క గురించి అడిగాను. మీ జవాబు అచ్చయ్యేసరికి అది ఎండిపోయింది. కానీ మీరు చెప్పినట్టే ఇంకోటి నాటాను. ఇప్పుడు దాని నీడలో కుర్చీ వేసుకుని మీకు రాస్తున్నాను."

ఆవిడ మాటల్లో ఒక్కటీ కత్తిరించకుండా శీర్షికలో అన్నిటికన్నా పైన పెట్టాను, తర్వాతి ప్రశ్న పంపవే.

నీ అత్త, మొక్కలమ్మ