నువ్వు లేవన్న కంప్యూటర్

ఏమయ్యా, నువ్వు పోయి నేటికి ఏడాది. అలియాబాద్‌లో మన చెలక భూమి నా పేరుకు మార్చమని మేడ్చల్‌లో భూముల ఆఫీసుకు వెళ్లాను. అది నీదేనని ముందు తేలాలట. కంప్యూటరేమో నీ పేరుతో మనిషే లేడంది.

"అవ్వా, మనం ఏ పేరు అడిగినా ఇది 'బతికున్నోళ్లే' అన్న మాట కలిపి వెతుకుతది. గట్లని రూల్ రాసి లోపల పట్టికల పెట్టిండ్రు," అంది ఆపరేటర్ పిల్ల.

"నేను అడగని మాట నా నోట్ల పెట్టుడేంది? గా రూల్ తీసెయ్."

ఆ పిల్ల పట్టికలో ఆ రూల్ ఉన్న ఒక్క వరుసను పక్కన పెట్టి మళ్లీ వెతికింది. నీ పేరు వచ్చిందంటూ కాగితం అచ్చేసి ఇచ్చింది. చదువు రాని నాకు నమ్మకం కుదరలేదు. బయట టీకొట్టాయనతో చదివించాను. బస్సులో కండక్టరుతోనూ చదివించాను. ఇద్దరూ నీ పేరే చదివారు. నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తున్న కోడలితో ఇంకోసారి చదివిస్తాను.