తమియో కుడి

ఇసోజు,
2024 మార్చి 12, మంగళవారం.

తమియోకి,

కినుయె అక్క ఆశీస్సులు. ఇక్కడ చలి వెనక్కి తగ్గింది. ప్లమ్ పూలు రాలిపోయాయి, చెర్రీ మొగ్గలు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. మోకాళ్ళు తప్ప నా ఒళ్ళంతా బాగానే ఉంది. నువ్వూ, నీ ఇంట్లోవాళ్ళూ కులాసా అనుకుంటాను. నలభై ఐదేళ్ళ తర్వాత రాసే ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు, అందుకని వాతావరణంతో మొదలుపెట్టాను.

నీ చిరునామా కాజితాని గారమ్మాయి ఇచ్చింది. మన బస్సు నడిపిన కాజితాని గారు జనవరిలో పోయారు. తొంభై ఒకటి నిండాయి, నిద్రలోనే పోయారట. ఆయన సొరుగులో నువ్వు ఏటా పంపిన కొత్త సంవత్సరం కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. డ్రైవరుకి ఏటా కార్డు! గైడుల హాస్టల్లో మూడేళ్ళు పక్క పరుపు మీద పడుకుని, నీ గురక భరించిన నాకు ఒక్కటీ లేదు. ఒక్క మాట చెప్పకుండా పెట్టె సర్దుకుని పోయిన మనిషివి నువ్వు. ఈ కోపం ఉత్తరం పొడుగునా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

ఇప్పుడు పని సంగతి. మా టౌన్ ఆఫీసులో పర్యాటకం చూసే సెరా గారని ఒకావిడ ఉంది. నలభై దాటి ఉంటాయి. మాట్లాడుతూనే చెప్పులు విప్పుతుంది, మాట్లాడుతూనే తొడుక్కుంటుంది. పోయిన నెల మా ఇంటికొచ్చి, జనమంతా పెద్ద పెద్ద చోట్లకి పోతున్నారండీ, మన ఊళ్ళో మూత్రానికి తప్ప ఎవరూ బస్సు ఆపడం లేదు, మీరు ముప్పై ఏళ్ళు గైడుగా చేశారు కాబట్టి ఎవరికీ తెలియని చోట్లు ఓ పది చెప్పండి, చిన్న పుస్తకం వేస్తాం అంది. అచ్చేశాక ఎవరికీ తెలియనివి ఎలా అవుతాయమ్మా అన్నాను. మీరు మరీనండీ అని నవ్వి, పెన్ను తీసింది.

నాకు తోచినవి చెప్పాను. కిరకిరమనే ఇసుక గుర్తుందా, ఉత్తరపు మలుపు దగ్గర? పొడిగా ఉన్నప్పుడు మడమ ఈడిస్తే కూస్తుంది, చినుకు పడితే నోరు విప్పదు. మనం టూరిస్టులని తీసుకెళ్ళిన ప్రతిసారీ ముందురోజు వాన పడేది, చెప్పులు పాడైనందుకు తిట్లు మనకి. అది ఒకటి. ఆటు వచ్చి నీళ్ళు తగ్గినప్పుడు మాత్రమే నడిచి వెళ్ళగలిగే లంక మీది గుడి ఒకటి. పూజారి పోయాక ఆ గుడిని చేపలు పట్టే ఆడవాళ్ళే ఊడుస్తున్నారు. ఉలితో తవ్విన పాత సొరంగం. ఎగిరే చేపల ముద్దని వెదురు పుల్లకి పూసి నిప్పుల మీద కాల్చే కొట్టు. ముసలాయన పోయాక కోడలు నడుపుతోంది, ఉప్పు ఎక్కువ వేస్తోంది, అది నేను పుస్తకానికి చెప్పలేదు. చేపల రేవు వెనకాల వేడి నీటి మడుగు కూడా రాయించాను. జాలర్లు పొద్దున్నే బూట్లతో సహా కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు, చూడటానికి ఏమీ ఉండదు, కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఇలా తొమ్మిది అయ్యాయి.

పదోది ఆవిడే అంది. ఊళ్ళో అందరూ తమియో కుడి అంటారు కదండీ, అది పెడదాం, పేరే తమాషాగా ఉంది అంది.

నీ పేరు మీద ఇక్కడ ఒక చోటు ఉందని నీకు తెలుసో లేదో. కాజితాని గారు రాసే ఉంటారు, లేకపోతే ఇప్పుడు నేను చెబుతున్నాను. అటూ ఇటూ సముద్రం ఉండి మధ్యలో రోడ్డు ఒక్కటే సాగే సన్నటి మెడ ఉంది చూడు, హెబిసాకి దారిలో, అక్కడ రోడ్డుకి కుడివైపు టోపీలాంటి పెద్ద రాయి కనపడే చోటు. అక్కడ ఇప్పుడు చిన్న జిజో దేవుడి రాతి బొమ్మ ఉంది, దానికి ఎర్ర గుడ్డ కట్టారు, పక్కన ఒక బల్ల వేశారు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పమని సెరా గారు అడిగింది. నేను చెప్పింది నీకూ రాస్తున్నాను, తప్పుంటే దిద్దు.

1979 సెప్టెంబరు, పితృదేవతల వారం. పక్క రేవు ఊరి ఆడవాళ్ళు ముప్పై ఒక్కమంది మన బస్సు కట్టించుకున్నారు. వాళ్ళ మగవాళ్ళ పడవ మునిగిపోయి పదమూడో ఏడు నడుస్తోంది. పడవ తగిలిన రాయిని గట్టు మీది నుంచి ఒక్కసారి చూసి దండం పెట్టుకోవాలని వాళ్ళ కోరిక. ఆ దారి నాది. నాకు గొంతు పోయింది. ఆ దారిలో ఎప్పుడూ వెళ్ళని నిన్ను పంపారు. నా చేతిరాత పుస్తకం నీకిచ్చాను, అందులో ఎక్కడేం చెప్పాలో అంతా ఉంది. మెడ దగ్గర నువ్వు బస్సు ఆపించి, మీ కుడివైపు చూడండి అన్నావు. బస్సు తలుపు ఎడమవైపు, పడవ తగిలిన ఆ పాడు నల్ల రాయి కూడా ఎడమవైపే, దిగితే ఎదురుగా అదే. నువ్వు వాళ్ళని రోడ్డు దాటించి మరీ కుడివైపుకి తీసుకెళ్ళావు. వాళ్ళు టోపీ రాయికి పూలు వేశారు, సాకే సారా పోశారు, ఏడ్చారు. సాయంత్రం సత్రంలో తెలిసింది రాయి అది కాదని.

శిక్షణలో మనకి ఒకటే పాఠం కదా. గైడు జనం వైపు తిరిగి నిలబడుతుంది, తన కుడి వాళ్ళకి ఎడమ. చెయ్యి మనది, దిక్కు వాళ్ళది అని మనచేత రోజుకి వందసార్లు అనిపించేవారు. కొత్త దారి, కంగారు, తిరగేసి చెప్పేసిందని డిపో పెద్ద తేల్చాడు. కాజితాని గారిని అడిగితే, నేను రోడ్డు చూసేవాణ్ణి బాబూ, రాళ్ళు చూసేవాణ్ణి కాదు అన్నారు. నువ్వు నోరెత్తలేదు. మిఠాయి పెట్టె పట్టుకుని ఆ ఊరు వెళ్ళి నేల మీద తల ఆనించావు. తిరిగొచ్చి నాకు చెప్పావు గుర్తుందా, వాళ్ళలో పెద్దావిడ ఏమందో. ఏడవమాకు పిల్లా, సముద్రం ఒకటేగా, మా ఆయన చెవులు చేటలంతేసి, ఏ పక్కనించి పిలిచినా ఇనపడతాది అందట. అది చెబుతూ నువ్వు నవ్వబోయి ఏడ్చావు.

ఆవిడ మాటకే కట్టుబడి ఆ ఆడవాళ్ళు ఏటా వచ్చి టోపీ రాయికే దండం పెట్టారు. మొదటిసారి ఎక్కడ పిలిచామో అక్కడే పిలవాలి, చనిపోయినవాళ్ళని అటూ ఇటూ తిప్పకూడదు అన్నారు. ఇప్పుడు వాళ్ళ కోడళ్ళు వస్తున్నారు. కానీ డిపోలో డ్రైవర్లకి ఆ మర్యాద లేదు. నీకు కుడిఎడమల తమియో అని పేరు పెట్టారు. అన్నం దగ్గర కూడా, తమియో గారూ, చాప్‌స్టిక్స్ ఏ చేత్తో పట్టుకోవాలండీ అని అడిగేవారు. నెల తిరక్కుండా నువ్వు వెళ్ళిపోయావు. నువ్వు పోయావు గాని పేరు పోలేదు, రోడ్డు మీద మిగిలింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. సెరా గారు బుగ్గన చెయ్యి పెట్టుకుని అంతా వింది. విని, మరి ఆ రోజు మీరెక్కడున్నారండీ అని ఊరికే అడిగింది. నేను గొంతు నొప్పి గురించి, తేనెలో నానేసిన ముల్లంగి గురించి, హాస్టల్ వార్డెను గురించి పావుగంట చెప్పాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

ఇక అసలు సంగతి. పుస్తకం శుక్రవారం అచ్చుకి వెళుతుంది. ఏప్రిల్లో అక్కడ బోర్డు కూడా పెడతారు, రాతి దిమ్మ మీద, ఇక చెరగదు. 'తమియో కుడి: కుడి ఎడమలు మరిచిపోయిన గైడు పేరు మీద' అని రాస్తారట. ఇన్నాళ్ళూ నోటి మాటగా ఉన్నది ఇక అచ్చులోకి ఎక్కుతుంది. సెరా గారిది చెడ్డ మనసు కాదు. ఆ తమియో గారు బతికే ఉంటే ఒక్క మాట అడగండి, సరేనంటే పెడతాం, కాదంటే తీసేస్తాం అంది. అందుకే రాస్తున్నాను. నాకైతే ఆ పేరు ఎవరు పలికినా తిన్నది ఒంటబట్టదు. కూరగాయల కొట్టువాడు దారి చెబుతూ, తమియో కుడి దాటాక రెండో మలుపు అంటాడు, నేను సంచీ సర్దుకుంటున్నట్టు తల వంచుకుంటాను.

ఒప్పుకుంటావో లేదో ఫోన్ చేసి చెప్పు. నంబరు కవరు వెనక రాశాను. చెయ్యకపోతే వద్దన్నావనుకుంటాను.

ఒంట్లో జాగ్రత్త. చలిలో తిరక్కు.

ఉంటాను,
నీ హాస్టల్ అక్క
కినుయె

తా.క. గురువారం, 14.

ఈ ఉత్తరం రెండు రోజులుగా బల్ల మీదే ఉంది. స్టాంపు కూడా అంటించాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను, ఎందుకంటే ఇందులో నిన్ను అడగకూడని అనుమతి అడిగాను.

నువ్వు వెళ్ళిపోయిన రోజు నా పుస్తకం నా దిండు మీద పెట్టి వెళ్ళావు. హెబిసాకి పేజీ తీశాను. ఆ పేజీ నేను బస్సు నడుస్తుండగా, జనం వైపు తిరిగి నిలబడి రాసుకున్నది. నల్ల రాయి నా కుడి చేతి వైపు ఉంది, 'కుడి' అని రాసేశాను. నాకు రాయి కళ్ళకి తెలుసు కాబట్టి ఏ రోజూ రాత చూడలేదు, తప్పు బయటపడలేదు. మన రాతలో కుడికీ ఎడమకీ పై గీతలు ఒకటే, కుడికి అడుగున నోరు అనే గుర్తు ఉంటుంది; నువ్వు ఆ నోటిని పెన్సిల్‌తో కొట్టేసి, 'ఎడమ'గా దిద్దావు. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. అంటే డిపో పెద్ద ముందు నిలబడినప్పుడే నీకు తెలుసు. పుస్తకం నీ చేతిలోనే ఉంది. తెరిచి చూపిస్తే సరిపోయేది.

నువ్వు చెప్పకుండా పోయావని ఊరందరితో అన్నాను. నిజం ఏమిటంటే, ఆ పేజీ చూశాక నీకు ఏ మొహంతో రాయాలో తెలియక నేనే రాయలేదు. ఆ తర్వాత ఏడేళ్ళకి నన్ను హెడ్ గైడుని చేశారు. కొత్త పిల్లలకి నీ కథే పాఠంగా చెప్పాను. అందుకు నాకు సిగ్గుగా ఉంది, తమియో. చాలా సిగ్గుగా ఉంది.

ఈ పొద్దున నా చేతిరాత పుస్తకం తీసుకుని టౌన్ ఆఫీసుకి వెళ్ళి ఆ పేజీ సెరా గారి ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివింది. తర్వాత, ఊరంతా తమియో అనే అంటారు కదండీ, ఇప్పుడు మారిస్తే ఎలా అంది. ఊరు ఏమైనా అనుకోనీ, అచ్చులో మాత్రం నా పేరు వెయ్యండి, లేదంటే మిగతా తొమ్మిదీ కూడా వెనక్కి ఇచ్చెయ్యండి అన్నాను. వెనక్కి తీసుకోవడానికి అవేవో నా సొత్తయినట్టు. ఆవిడ నవ్వలేదు. కాయితం నా వైపు తిప్పి, మీరే రాయండి అంది.

'కినుయె కుడి' అని రాశాను. కింద ఇంకో వాక్యం అడిగితే ఇది రాశాను, బోర్డు మీద కూడా ఇదే ఉంటుంది: గైడు తమియో తప్పు చెప్పలేదు, రాసి ఉన్నది ఉన్నట్టు చదివింది.