చాలు అన్నాను

మంగళవారం, కడప

పళ్ళు తీయించుకున్న నెలకు మస్తాన్ సార్ ఈరోజు మళ్ళీ సంగీత పాఠశాలకు వచ్చారు. కట్టుడు పళ్ళతో నవ్వుతుంటే ఎవరో వేరే మనిషిలా ఉన్నారు. మాకు కల్యాణి రాగం చెప్పడానికి నాదస్వరం పీక నోట్లో పెట్టుకున్నారు. గాలి తప్ప స్వరం రాలేదు.

"ఏమ్మా, ట్యూబు పంచరైనట్ల ఉండాదే!" అన్నారు. అందరం నవ్వాం. మూడోసారి ఊదేసరికి పళ్ళ సెట్టు కదిలి పీక జారింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చూడలేక నేనే అన్నాను. "ఊదొద్దులే సార్. నోటితో పాడి చెప్పండి, చాలు."

సార్ నా వైపు తిరిగారు. "నలభై ఏండ్లు వాయించినా పాపా. ఇంగ చాలంటాండావా?"

"అట్ల కాదు సార్" అనేలోపే నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టి, నా ముందు చాప మీద ఉంచి వెళ్ళిపోయారు.

చాలు అంటే సరిపోతుందని. చాలు అంటే ఇక ఆపమని కూడా. మాటలంటే ఇంత ఇష్టం ఉన్నదాన్ని, అనేముందే నాకు తోచి ఉండాల్సింది. రేపు వాళ్ళింటికి వెళ్ళి, నేనన్నది మొదటి అర్థంలోనే అని చెప్పాలి. కానీ మూడోసారి ఆయన ఊదుతున్నప్పుడు, ఆపేస్తే బాగుండునని నేను అనుకున్నాను. అది కూడా నిజమే...