రెండు జడల్లో ఒక్కటే చూసినవాడికి

యాభై మూడేళ్ల వయసులో, వచ్చే బుధవారం గుండె ఆపరేషన్‌కు వెళ్లబోతూ, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నేను రాస్తున్న వీలునామా ఇది. నా మతి సంగతి డాక్టరు గారు రాసిచ్చారు. కోపం సంగతి ఆయన్ను ఎవరూ అడగలేదు. అదీ నిలకడగానే ఉంది.

1. నాన్న వదిలిన స్థలంలో నా సగం వాటా నా తమ్ముడికి చెందాలి. పెళ్లి చేసుకోకుండా ఒకరితో ఉంటున్నానని ఏళ్ల తరబడి నా గడప తొక్కలేదు. జబ్బు అనగానే పళ్లబుట్టతో దిగాడు. అయినా తమ్ముడు తమ్ముడే. ఇంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

2. నా పుస్తకాలన్నీ, రాతబల్లతో సహా, మేనకోడలికి. అంచుల్లో నేను పెన్సిలుతో రాసిన తిట్లు చెరపకూడదు. ఒప్పుకోనిచోట తనూ కింద రాయవచ్చు, పెన్నుతో.

3. అసలు పేచీ ఇక్కడుంది. పదహారేళ్ల పిల్లల కోసం మేమిద్దరం చేసిన బొమ్మల నవలలో, పక్కపక్క ఇళ్లలో పెరిగిన ఇద్దరు ప్రేమలో పడతారు. అందులోని మాటలపై నాకున్న సర్వహక్కులూ దాని చిత్రకారుడు, ఇన్నేళ్లుగా నాతో ఒకే ఇంట్లో ఉంటున్న బుడ్డోడికి దఖలు పరుస్తున్నాను. ఇప్పుడతను ఆరడుగులు, పేరు మాత్రం ఐదో ఏట నేను పెట్టింది. మాకు పెళ్లి కాలేదు కనుక, ఈ కాగితం లేకపోతే ఆ హక్కులు తమ్ముడికి పోతాయి. హక్కులు చేతికి రాగానే చివర మార్చనిస్తానని వాడు ప్రచురణకర్తకు అప్పుడే మాటిచ్చేశాడు. "అక్కా, కొత్త ముద్రణ చివర్లో ఒక్క పెళ్లి బొమ్మ పెడితే నీ సొమ్మేం పోతుందే? బడులవాళ్లు కొంటారు, తల్లిదండ్రులు గొణగరు" అన్నాడు మొన్న, నాకని తెచ్చిన నారింజ తనే వలుచుకు తింటూ. నా సొమ్మే పోతుంది నాయనా. పెళ్లి ముద్ర పడితే తప్ప ఇద్దరి మనసులకు విలువ లేదని పిల్లలకు నేర్పే పుస్తకం మీద నా పేరు ఉండటానికి వీల్లేదు.

4. బుడ్డోడు ఆ బొమ్మ వేయనన్నాడు. మాటల హక్కు చేజిక్కితే బొమ్మలన్నీ వేరేవాళ్ల చేత కొత్తగా వేయించాలని ప్రచురణకర్త ఎత్తు. దానికి ఆయన చూపే సాకు, జడ. నవల మొదటి సగంలో అమ్మాయి జడ ఎడమ భుజం మీద, తర్వాత కుడి భుజం మీద ఉంటుంది. మా పద్ధతిలో ముందు బొమ్మ, తర్వాత మాట. బొమ్మలో ఉన్నదాన్ని నేను మళ్లీ రాయను. అందుకే జడ సంగతి నాకూ తట్టలేదు, అచ్చయ్యాక పాఠకులు పట్టుకున్నారు. నిలదీస్తే, కుంచె కడుక్కుంటూ, "ఆరో తరగతి దాకా నీ ఎడమపక్కన కూర్చున్నా. తర్వాత టీచరు కుడిపక్కకు మార్చింది. నాకు కనబడిన జడే వేశా" అన్నాడు. నేను బడికి రెండు జడలతో వెళ్లేదాన్ని. అతను పక్కనుంచే చూసి చూసి, ఒక్కటే అనుకున్నాడు. ఈ తప్పును ఎవరూ దిద్దరాదు.

5. సాక్షి సంతకం తనే చేస్తానని బుడ్డోడు వచ్చాడు. ఆస్తి పొందేవాడు సాక్షి కాకూడదట. వకీలు గారు అతన్ని వార్డు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఇందులో ఏముందో అతనికి తెలియదు.

6. "బయటి మనిషికి ఎందుకిస్తున్నారో కారణం రాయండమ్మా, లేకపోతే మీ తమ్ముడు కోర్టుకెక్కుతాడు" అన్నారు వకీలు గారు. చిన్ననాటి స్నేహితుడు అంటే చాలదన్నారు. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదని జీవితమంతా పోట్లాడినదాన్ని. నవల మొత్తంలో ఒక మాటను ఎక్కడా రానివ్వలేదు, బొమ్మ చెబుతోంది కదా అని. ఇంట్లోనూ అదే వంకతో గడిపేశాను. ఈ కాగితం మీద బొమ్మలు చెల్లవట. కనుక కారణం రాస్తున్నాను: నేను అతన్ని ప్రేమిస్తున్నాను.

తేదీ: నవంబరు పదకొండు
సంతకం: పై నవల రచయిత్రి
సాక్షులు: మా ఇంటి కింది వాటాలో పుస్తకాలు కుట్టే అక్క, వార్డు నర్సు