రిజిస్టరులో ఏడాది పెద్ద

అమ్మకు,

నీ చిన్నది రాస్తున్నది. జ్వరం లేదు, దగ్గు లేదు, మెట్ల మీద జారిపడలేదు. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనీ, అన్నయ్య పనికి సరిగ్గా పోతున్నాడనీ నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. నీ మోకాలి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు కాబట్టి నొప్పి తగ్గలేదని కూడా తెలుసుకున్నాను.

అడిగినవాటికి జవాబులు. హాస్టల్లో తిండి తినగలిగేటట్టే ఉంది. గదిలో నాతో ఉండే నర్సు మంచి పిల్లే గానీ నిద్రలో పళ్ళు కొరుకుతుంది. నువ్వు కుట్టి పంపిన నీలం చొక్కా నడుము దగ్గర వదులైంది, కొలత కాస్త తప్పినట్టున్నావు. ఎదురింటి అత్తయ్య "పిచ్చి డాక్టరు చదువా?" అని అడిగిందని రాశావు. కాదని చెప్పు. బడిలో ఒక పిల్ల చదవలేకపోతుంటే, ఎవరితోనూ మాట్లాడకపోతే, ఊరికే ఏడుస్తుంటే, కారణమేమిటో కనిపెట్టి టీచర్లకూ ఇంట్లోవాళ్ళకూ చెప్పే పని. రెండేళ్ళు తరగతులు, ఆ తర్వాత ఒక ఏడాది బడిలో అనుభవమున్నవాళ్ళ చేతికింద శిక్షణ. నేనిప్పుడు ఆ ఏడాదిలో ఉన్నాను. "ఇద్దర్ని పెంచాను, నాకెవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదే" అని రాశావు కదా, ఆ మాట నాకు పని నేర్పే మేడమ్‌కు చెప్పాను. ఆవిడ నవ్వి, "మీ అమ్మగారిని నా కుర్చీలో కూర్చోబెట్టు, నేను వెళ్ళి మిషన్ తొక్కుతాను" అన్నారు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. ఈ వారంలో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "మిషన్‌కు నూనె వేశావా?" అని అడిగి పెట్టేశాను. నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నాకు భయంగా ఉందమ్మా. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

బడిలో నాకిచ్చిన గది ఆటసామాన్ల గది పక్కన. ఒక బల్ల, రెండు పొట్టి కుర్చీలు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. టీచర్లు పంపిన పిల్లల్ని ఒక్కొక్కరినీ అక్కడ కూర్చోబెట్టి పరీక్ష పెడతాను. ఎరుపూ తెలుపూ చెక్కముక్కలిచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటాను. చేతిలో గడియారం నొక్కి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటాను. మాటలకు అర్థాలడుగుతాను. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా నా మొహం ఒకేలా ఉండాలి. "బాగా ప్రయత్నిస్తున్నావు" అనాలి, అంతే. చివర, అదే వయసు పిల్లలతో పోల్చి చూసే పట్టీలుంటాయి. వాటిలో వెతికితే ఒక అంకె వస్తుంది. అందుకే కాగితం మీద మొట్టమొదట వేసే లెక్క వయసు. పరీక్ష తేదీ పైన, పుట్టిన తేదీ కింద రాసి, ఏళ్ళూ నెలలూ రోజులూ తీసివెయ్యాలి. దాన్ని రెండుసార్లు సరిచూసుకోమని మొదటి రోజే చెప్పారు. నేను మూడుసార్లు చూసుకునేదాన్ని.

రెండు నెలల కిందట రెండో తరగతి నుంచి ఒక ఆడపిల్లను పంపారు. పిడికెడంత ఉంది. అక్షరాలు తిరగేసి రాస్తోందనీ, కూడికలు రావటం లేదనీ, మధ్యాహ్నమైతే బల్ల మీద నిద్రపోతోందనీ టీచరు చీటీ రాసింది. యూనిఫాం చేతులు రెండు మడతలు వేసి ఉన్నాయి. చెక్కముక్కలు పేరుస్తూ, నాలుక బయటపెట్టి, "అయిపోయింది. గడియారం ఆపారా?" అని అడిగేది. రిజిస్టరు ప్రకారం దానికి ఏడేళ్ళ రెండు నెలలు. అంకె అరవై ఏడు వచ్చింది. గీత డెబ్బై దగ్గర ఉంటుంది. అంకె గీత కిందికి వచ్చి, టీచరు చీటీ కూడా దానికి సరిపోతే వేరే తరగతికి మారుస్తారు. రిపోర్టు నేనే రాసి సంతకం పెట్టాను. మేడమ్ చదివి, "లెక్కలో ఒక్క తప్పు లేదు" అని కింద తనూ సంతకం పెట్టారు. ఆ రోజు నీకు ఫోను చేసి గొప్పలు చెప్పుకున్నాను, గుర్తుందా? పిల్లను వరండా చివరి గదికి మార్చారు. అది చెడ్డ గదని కాదు. అవసరమున్న పిల్లలకు అది మంచి గది, టీచరు ఓపికైన మనిషి. ఆ పిల్లకు అవసరమా అన్నదే సంగతి.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. పిల్లల ఆటవేళలో వరండా మెట్ల మీద కూర్చుని చదివాను. "వచ్చే పదహారుకు నీకు నిజంగా ముప్పై నిండుతాయి. కాగితాల్లో ముప్పై ఒకటి నిండి అప్పుడే నాలుగు నెలలైంది. అక్కడెవరూ ఆ సంగతి ఎత్తలేదు కదా?" అని రాశావు. చదివి నవ్వుకుని తలెత్తాను. ఎదురుగా రెండో తరగతి పిల్లలు గంతులేస్తున్నారు. ఒక్కరికీ ముందుపళ్ళు సరిగ్గా లేవు, అందరి నోళ్ళలోనూ కిటికీలే. ఆ పిల్ల గోడకానుకుని వాళ్ళను చూసి నవ్వుతోంది. దాని పాలపళ్ళు ఒక్కటీ ఊడలేదు.

ఉత్తరం మడిచి లేచి నిలబడ్డాను. "వీళ్ళు చెప్పే వయసు నేను నమ్మను, భుజం కొలుస్తాను" అని యూనిఫాంలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ ముందే అనేదానివి. నీ కడుపున పుట్టి, గంటన్నరసేపు ఆ రెండు మడతల చేతులకు ఎదురుగా కూర్చున్నాను. నన్నే వయసు ఎక్కువ రాయించి బడిలో వేశారు. అయినా నాకు తట్టలేదు. ఆ పిల్ల తల్లితో మాట్లాడినప్పుడు పుట్టిన తేదీ అడిగి రాయాల్సిన గడి ఒకటుంది. రిజిస్టరులో ఉంది కదా అని ఆవిణ్ణి అడక్కుండా నింపేశాను.

ఆ మధ్యాహ్నం పిల్ల వయసులో ఏడాది తగ్గించి పట్టీ చూశాను. ఎనభై ఒకటి. గీత పైన.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదమ్మా. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావటం లేదు. శిక్షణ ఆపేస్తారని, మళ్ళీ ఏ బడిలోనూ అడుగుపెట్టనివ్వరని భయం. ఆ కాగితాలు చించి పారేద్దామా అని కూడా అనిపించింది. వరండాలో చెప్పుల చప్పుడైతే చాలు, వాటిని సొరుగులోకి తోసేసేదాన్ని. అన్నం నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. నీలం చొక్కా వదులైంది అందుకే. నీ కొలత తప్పలేదు.

ఎనిమిదో రోజు చివరి గదికి వెళ్ళాను. పిల్ల పూసలు రంగులవారీగా వేరుచేస్తోంది. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"గడియారం తెచ్చారా?"

"లేదమ్మా. ఎందుకు?"

"ఈసారి తొందరగా చేస్తాను. చేస్తే మా గదికి పంపుతారా?"

ఏమన్నానో తెలుసా? "బాగా ప్రయత్నిస్తున్నావు" అన్నాను. నోటికి అలవాటైన మాట అదొక్కటే వచ్చింది. బయటికొచ్చి ఆటసామాన్ల గదిలో బంతుల మధ్య కూర్చున్నాను.

మర్నాడు, అంటే మొన్న గురువారం, వాళ్ళమ్మ పనిచేసే చోటికి వెళ్ళాను. హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే షెడ్డు అది. ఆవిరిలో మనిషికి మనిషి కనిపించరు. మధ్యాహ్నం తిండివేళ ఆవిడ బయట గట్టు మీద కూర్చుని ఉంది. పాప అసలు ఎప్పుడు పుట్టిందని అడిగాను. నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ముద్ద ఆగిపోయింది.

"రిజిస్టరులో ఏముంటే అదేనండి."

"అది కాకపోతే చెప్పండి. పాపను మళ్ళీ పాత గదికి పంపడానికి వీలుంటుంది."

"పంపడానికా, అసలు బడిలోంచే తీసెయ్యడానికా? రిజిస్టరులో ఏముంటే అదేనండి. మీకు దణ్ణం పెడతాను, వెళ్ళండి."

ఆవిడ ముద్ద వదిలేసి డబ్బాకు మూత పెట్టేసింది.  

ఇక్కడే నీకిచ్చిన మాట తప్పాను. బడిలో చేర్చిన రోజు గేటు దగ్గర నా గడ్డం పట్టుకుని, "ఎవరడిగినా ఈ తేదీయే చెప్పు. అసలుది చెబితే బడిలోంచి తీసేస్తారు, ఒట్టు" అన్నావు. ఇరవై ఐదేళ్ళు చెప్పలేదు. స్నేహితురాళ్ళకు కూడా ఆ దొంగ తేదీకే చాక్లెట్లు పంచాను. అలాంటిది, అంతకుముందు ఒక్కసారే మాట్లాడిన మనిషికి మొన్న చెప్పేశాను. మా అమ్మ మిషన్ పనికి పోవాలి, ఇంట్లో నన్ను చూసేవాళ్ళు లేరు, అందుకని వయసు ఎక్కువ రాయించింది, నా సర్టిఫికెట్లన్నిట్లోనూ ఇప్పటికీ అదే ఉంది, అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీకా? ఇంత చదివినవాళ్ళకా?"

"నాకే."

"తెలిస్తే మిమ్మల్నేం చేస్తారు?"

"తెలీదండి."

"తెలీకుండానే నాకు చెప్పేశారా? మీరేం సైకాలజిస్టండీ బాబూ!" అని ఉన్నట్టుండి నవ్వేసింది. ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాదీ అదే కథండి. పగలంతా దాన్నెక్కడ పెట్టుకోను? ఈ ఆవిర్లోనా?"

సాయంత్రం టీకాల కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి బడి గేటు దగ్గరికి తెచ్చింది. పరీక్ష పెట్టిన రోజుకు పిల్లకు ఆరేళ్ళ ఒక నెల.

కార్డు పట్టుకుని నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. పట్టీ తెరిచి తనే మళ్ళీ లెక్కకట్టారు. 

"అడగాల్సిన గడి అడక్కుండా నింపావు. నేను నిన్ను అడక్కుండా సంతకం పెట్టాను. కొత్త రిపోర్టులో ఇద్దరి తప్పూ రాయి. ఇది నీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిది రోజులైందండి."

"తొమ్మిది రోజులు" అని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, "ఇలాంటివి ఎవరూ ఒప్పుకోరే, వాళ్ళమ్మ ఎలా చెప్పింది?" అన్నారు.

"ఊరికే అడిగానండి, చెప్పింది" అన్నాను. అన్నీ చెప్పి, అదొక్కటీ దాచుకున్నాను.

సోమవారం పొద్దున పది గంటలకు మీటింగు. ప్రిన్సిపాలు, మేడమ్, ఇద్దరు టీచర్లు, వాళ్ళమ్మ, నేను. "ఒకసారి అబద్ధం రాయించినవాళ్ళు ఇప్పుడు నిజం చెబుతున్నారని ఏమిటి నమ్మకం?" అని ప్రిన్సిపాలు అప్పుడే అన్నారట. అది విని వాళ్ళమ్మ నిన్న నాకు ఫోను చేసింది. "నేనొక్కదాన్నీ వాళ్ళ మధ్య దొంగలా కూర్చోలేనండి. మీరు నా పక్కన కూర్చుని, నాకు చెప్పిందే వాళ్ళకీ చెప్తే వస్తాను. లేకపోతే పాప ఆ గదిలోనే ఉండనీండి" అంది. చెబుతానని మాటిచ్చాను.

 చెప్పాక ఏమవుతుందో తెలియదు. యూనివర్సిటీవాళ్ళు సర్టిఫికెట్లు వెనక్కి తెమ్మనొచ్చు. తప్పుడు తేదీతో చేరావని పంపెయ్యొచ్చు. ఏమీ కాకపోవచ్చు కూడా. ఎవరినైనా అడుగుదామంటే, అడగడమంటే చెప్పెయ్యడమే.

నువ్వు తప్పు చేశావని ఇది రాయడం లేదు. అప్పుడు నీకు ఇంకో దారి లేదు. కానీ ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. ఒకటో తరగతిలో పలక పట్టుకోవడం కూడా చేతకాక, ఏమడిగినా తెల్లమొహం వేస్తుంటే, టీచరు నన్ను "మొద్దూ" అని పిలిచేది. ఏడాదంతా అదే పిలుపు. చివరికి అసలు పేరు పిలిస్తే పలకడం మర్చిపోయేదాన్ని. ఇంట్లో చెబితే బడి మాన్పిస్తావని చెప్పలేదు. నిజంగానే మొద్దునని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఆ పేరే ఇంకో పిల్లకు అంకెల్లో రాసి సంతకం పెట్టాను. అందుకే చెప్పక తప్పదు.

ఒక పని చేసి పెట్టు. నీ బొత్తాల డబ్బాలో అడుగున నా టీకాల కార్డు ఉండేది. ఉంటే పంపు. సోమవారానికి అందదని తెలుసు, కానీ తర్వాతైనా అడుగుతారు. ఇన్నేళ్ళూ దాచావు, ఇక చూపిద్దాం. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు వేసిన ఒట్టు నేనే తీసేశాను. భయపడకు అని రాద్దామనుకున్నాను గానీ, నేనే భయపడుతూ నీకెలా రాయను?

పదహారుకు ఇంకా ఐదు రోజులుంది. ఆ రోజు నువ్వే ఫోను చెయ్యి. ఏం జరిగినా తీస్తాను. మిషన్ నూనె గురించి అడగను.

ఇట్లు,
కాగితాల్లో ముప్పై ఒకటి దాటి,
నీ లెక్కలో ఇంకా ముప్పై నిండని
నీ చిన్నకూతురు