రేవులో నన్ను ఎత్తకండి

బాబాయ్ గారికి,

పొద్దున లేచేసరికి నా చక్రాల కుర్చీలో పిల్లి నిద్రపోతోంది. దాన్ని లేపలేక మంచం మీద నుంచే రాస్తున్నాను. ఫోన్లో అయితే మీరు నవ్వించేస్తారు, నేను చెప్పలేను.

మనమంతా వెళ్ళబోయే విహారయాత్ర గురించి ఓడ కంపెనీ వాళ్ళని అడిగాను. మొదటి రేవులో కుర్చీలోనే దిగిపోవచ్చు. రెండో చోట ఓడ ఒడ్డు దాకా రాదు, చిన్న పడవలో వెళ్ళాలి. అందులో కుర్చీని ఎక్కించరట. "నలుగురం ఎత్తేస్తాంలే తల్లీ, నీ బరువంతా పుస్తకాలదేగా" అన్నారు మీరు.

గుణదల తిరునాళ్ళలోనూ అలాగే కొండ మెట్ల మీదుగా నన్ను ఎత్తుకెళ్ళారు. నన్ను దింపి మీరు కొవ్వొత్తులు కొనడానికి వెళ్ళగానే, ఒకావిడ నా తల నిమిరి ఒళ్ళో పది రూపాయల నోటు పెట్టింది. మీకు చెప్పలేదు.

అందుకని రెండో చోట నన్ను ఓడలోనే ఉండనివ్వండి. తోడుగా పిన్నిని ఆపకండి. మొదటి రేవులో మాత్రం కుర్చీ ఎవరూ తొయ్యకండి, నేనే దిగుతాను. కుదరదంటే నా టికెట్ రద్దు చేయించండి. ఈ మాట రాసి రెండుసార్లు కొట్టేశాను, మళ్ళీ రాశాను.

మీరంతా మంగినపూడి బీచ్‌కి వెళ్ళినప్పుడల్లా ఇసుకలో చక్రాలు కూరుకుపోతాయని నేను ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. బాబాయ్, నేను ఇంతవరకు సముద్రం చూడలేదు.