పడవ పాట క్యాసెట్టు

మొఘల్‌పురా నివాసి, గడియారాలు బాగుచేసిన కీర్తిశేషులు ఓదెలు గారి పెద్దబిడ్డను, మాణికేశ్వరిని. వయసు యాభై ఏడు. పెండ్లి చేసుకోలేదు. వచ్చే బుధవారం నాకు గుండె ఆపరేషన్ ఉన్నది. అందుకని పొద్దటి పూజ ముగించుకొని, మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతితోనే ఈ వీలునామా రాస్తున్న. అక్షరాలు వణికితే అది బీపీ వల్ల. భయం వల్ల కాదు.

1. నాన్న నా పేర రిజిస్టర్ చేసిచ్చిన రెండంతస్తుల ఇల్లు, రెండువందల పన్నెండు క్యాసెట్లు, ఒక టేప్‌రికార్డర్, ఒక రేడియో నా ఆస్తి. ఇందులో రాసింది రాసినట్టు జరిపించే బాధ్యత, కింది వాటాలో ముప్పై ఏండ్లుగా ఉంటున్న అక్తరున్నీసాకు అప్పగిస్తున్న. ఆమె ఒప్పుకున్నది.

2. క్యాసెట్లలో రెండు తప్ప మిగతావన్నీ నా మేనకోడలు సాహిత్యకు చెందాలె. బిడ్డా, ఇవి కొన్న క్యాసెట్లు కావు. ప్రతి ఆదివారం సాయంత్రం మీ తాత రేడియో ముందల టేప్‌రికార్డర్ పెట్టి, మీట నొక్కి, తారీఖు, టైము, గదిలో ఉన్నవాళ్ల పేర్లు పైకి చెప్పేటోడు. గడియారాల మనిషి గదా. తర్వాతే పాట. అది అయ్యేదాక మేం ఊపిరి కూడా మెల్లగ తీసేది. అయినా కుక్కర్ కూతలు పడ్డయి, మసీదు అజాఁ పడ్డది, ఉదయశ్రీ తుమ్ములు పడ్డయి. నాకు ఆ పాటలు తుమ్ములతోటే ఇష్టం. ఎవరన్నా శుభ్రం చేసిస్తమంటే ఇయ్యకు.

3. రేడియో నా చెల్లె ఉదయశ్రీకి. ఎనిమిదేండ్ల వయసుల ఈ రేడియోను చంకనెత్తుకొని డ్యాన్స్ చేసి కింద పడేసింది. దెబ్బలు నేను తిన్న. ఆ సంగతి దానికి ఇయ్యాల్టిదాక తెలియదు. ఇప్పుడు తెలుసుకోనీ.

4. "అక్తర్, ఢోలక్" అని రాసి ఉన్న క్యాసెట్టు అక్తరున్నీసాకు. ఆమె చెల్లె పెండ్లికి ఆమె పాడుతుంటే, నాన్న అడగకుండనే మెట్ల మీద కూర్చొని రికార్డు చేసిండు. నాన్న తరఫున మాఫీ కోరుతున్న.

5. ఇక నా తమ్ముడు రఘురామ్ విషయం.

పోయిన ఏడాది సాహిత్య మా ఇంటోళ్లందరికీ ఫోన్ల ఒక గ్రూపు పెట్టింది. దినానికొకరు తమకు ఇష్టమైన పాట పెట్టి, దాని వెనుక జ్ఞాపకం రాయాలె. రఘురామ్ పడవ పాట పెట్టిండు. నాన్న చివరి సాయంత్రం రేడియోల వచ్చిన పాట అది. నాన్న తల తన ఒళ్ల పెట్టుకున్నడట. ఇంట్ల ఇంకెవ్వరూ లేకుండెనట. "రఘూ, నువ్వున్నవ్, నాకది చాలు" అని నాన్న ప్రాణం విడిచిండట. నలభై మంది దండాల బొమ్మలు పెట్టిండ్రు. తర్వాత సైదాబాద్‌ల వాళ్ల కాలనీ సంగీత సభల మైకు పట్టుకొని మళ్లా అదే చెప్పిండు. మూడో వరుసలో కూర్చొని విన్న. చప్పట్లు ఆగినంక వచ్చి, "ఎట్లున్నదక్కా?" అన్నడు. "మంచిగ చెప్పినవ్" అన్న నేను.

నాన్న తల ఒళ్ల పెట్టుకున్నది నేను. చెంచాతో నీళ్లు పోసింది అక్తరున్నీసా. నాలుగు గంటలకు ఆమె కొడుకు నజీర్ స్కూటర్ మీద సైదాబాద్ పోయి, నాన్నకు బాగలేదు, వెంటనే రమ్మంటున్నరని రఘురామ్‌కు చెప్పిండు. అయిదు గంటలకు ఒక్కడే తిరిగొచ్చిండు. రఘురామ్ దోస్తులతో పేకాటల ఉన్నడట. "అక్క ఉన్నది గదా, పొద్దున వస్త" అన్నడట. పొద్దున పదింటికి వచ్చిండు. అప్పటికే మేం నాన్నకు స్నానం చేయించినం.

అప్పుడు నేను ఏమనలేదు. పోయినాయన ముందల లొల్లి ఎందుకని. ఆ సభ తర్వాత నలభై ఒక్క దినాలు దీపం పెట్టి, ఈ కోపం తీసెయ్యమని అమ్మవారిని మొక్కిన. తీసెయ్యలేదు. ఉంచుకొమ్మన్నదని అర్థం చేసుకున్న.

6. ఇల్లు రఘురామ్‌కు చెందాలె, ఈ షరతు మీద. నా పదకొండోనాడు, భోజనాలు వడ్డించకముందు, నాన్న చివరి సాయంత్రం రికార్డయిన "12 అక్టోబర్ 2003" అని రాసి ఉన్న క్యాసెట్టును రఘురామే టేప్‌రికార్డర్‌ల పెట్టి, వాడే మీట నొక్కాలె. ఆ సభల చప్పట్లు కొట్టినోళ్లందరినీ పిలువాలె. పేర్ల పట్టీ ఇందుకు జత చేసిన. నడుమల ఆపొద్దు, లేచిపోవద్దు. నొక్కకపోతే ఇల్లు అక్తరున్నీసాది. ఇంట్ల ఎవ్వరూ లేకుండె అన్నడు గదా, ఆ లేని మనిషిదే అయితది. టేపు తెంపుతడని నాకు తెలుసు. నకలు వకీలు దగ్గర ఉన్నది.

7. ఆ క్యాసెట్ల ఏమున్నదో ముందే రాస్తున్న. తెలిసి నొక్కాలె.

మొదట నాన్న గొంతు, సన్నగ. తారీఖు. ఆరుంబావు. "ఉన్నోళ్లు, పెద్దబిడ్డ, అక్తర్." తర్వాత పడవ పాట. పాట అయినంక నేను మీట ఆపుడు మరిచిన. టేపు తిరుగుతనే ఉన్నది. అందుల నాన్న మూడుసార్లు అడుగుతడు, రఘు వచ్చిండా అని. మూడుసార్లూ నేనే జవాబు చెప్తున్న.

"తొవ్వల ఉన్నడు నాన్నా."

మూడోసారికి నాన్న నమ్మిండు. మళ్లా అడగలేదు.

నా బతుకుల నేనాడిన పెద్ద అబద్ధం అదే. ఇరవై రెండేండ్లుగా దేవుని ముందల దాన్ని నేనొక్కదాన్నే మోస్తున్న. ఇయ్యాల్టితో దాని మీద నా హక్కు వదులుకుంటున్న. ఇల్లు తీసుకున్నా తీసుకోకున్నా, ఏ షరతూ లేకుండా, ఆ అబద్ధం రఘురామ్‌కే చెందాలె.

తేదీ 14 నవంబర్ 2025, కార్తీక శుక్రవారం, మొఘల్‌పురా.

(సంతకం) మాణికేశ్వరి

మా ముందు ఆమె చదివి సంతకం చేసింది. మాకు ఇందులో ఏ వాటా లేదు.
సాక్షులు:
1. కామేశ్వరమ్మ, భజన మండలి, సైదాబాద్
2. డానియేలు, రిటైర్డ్ టీచర్, సంతోష్‌నగర్